రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్తూ మూడేళ్ళ పెద్దపాపను అత్తగారింట్లో ఉంచి వెళ్ళవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీకు మూడేళ్ళ పాప ఉంది, ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది, మొదటి కాన్పు సిజేరియన్ అయింది, పురిటికి హైదరాబాదు నుంచి కాకినాడ దగ్గర ఉన్న మీ పుట్టింటికి వెళ్ళబోతున్నారు. పెద్దపాపను అత్తమామల దగ్గర ఉంచి వెళ్తే ప్లేస్కూలు మానిపించే పని ఉండదనీ, బాలింతగా మీకు విశ్రాంతి దొరుకుతుందనీ, పసిబిడ్డకు జలుబులు అంటవనీ ఇంట్లో అందరూ చెబుతున్నారు. మీ మనసు ఒప్పుకోవడం లేదు. వెంట తీసుకువెళ్తే మాత్రం అసూయతో బిడ్డను గిల్లుతుందేమో, ఇద్దరితో ఎలా నెగ్గుకు రావాలో అని దిగులుగా ఉంది.

వెంట తీసుకువెళ్ళండి. కాన్పు కోసం మీరు ఆస్పత్రిలో ఉండే నాలుగైదు రోజులు తప్ప, పెద్దపాపను మీ నుంచి విడదీయవద్దు. మీ ఇంట్లోవాళ్ళు చెబుతున్న మూడు కారణాల్లో నిజంగా ఆలోచించవలసినది జలుబుల సంగతి ఒక్కటే, దానికి వేరే జాగ్రత్తలు ఉన్నాయి. విశ్రాంతి విషయానికి వస్తే, పాపను చూసుకునే మనిషి ఒకరు పుట్టింట్లో ఉంటే పాప ఉన్నా విశ్రాంతి దొరుకుతుంది, ఆ మనిషి లేకపోతే పసిబిడ్డ ఒక్కతితోనే ఊపిరి సలపదు. ప్లేస్కూలు గురించి చివర్లో చెబుతాను.

నేను గోదావరి జిల్లాల్లో పిల్లల వైద్యురాలిగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. పురిటికి కూతుళ్ళు పుట్టింటికి రావడం మా వైపు గట్టి ఆనవాయితీ కాబట్టి, హైదరాబాదు, బెంగళూరుల నుంచి వచ్చే తల్లులను, వాళ్ళ వెంట వచ్చిన పెద్ద పిల్లలను ఏడాది పొడవునా చూస్తూనే ఉంటాను. వెంట రాని పెద్ద పిల్లలను కొన్ని నెలల తర్వాత, వేరే ఫిర్యాదు మీద తీసుకువచ్చినప్పుడు చూస్తాను.

మూడేళ్ళ పిల్లకు మూడు నెలలంటే ఎంతో తెలియదు. రేపు, ఎల్లుండి అన్న మాటలే ఇంకా కుదురుకోని వయసు అది. "చెల్లినో తమ్ముణ్ణో తీసుకుని అమ్మ వచ్చేస్తుంది" అని మీరెంత నచ్చజెప్పినా, పాపకు అర్థమయ్యేది ఒక్కటే: అమ్మ వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చేటప్పటికి ఒళ్ళో ఇంకొకరు ఉన్నారు. ఆ ఇంకొకరు అమ్మతోనే అన్నాళ్ళూ ఉన్నారని కూడా పిల్లలు కనిపెడతారు. మనం అసూయ అని పేరు పెట్టేది చాలాసార్లు ఈ లెక్కలోనుంచే పుడుతుంది.

ఒక తల్లి సంగతి చెబుతాను. రెండున్నరేళ్ళ కొడుకును నాన్నమ్మ దగ్గర ఉంచి పురిటికి వచ్చి, ఐదో నెలలో తిరిగి వెళ్ళింది. ఆ తర్వాత పండక్కి అందరూ కలిసి వచ్చినప్పుడు, పిల్లవాడు అన్నం తినడం లేదని నా దగ్గరకు తీసుకువచ్చారు. వాడు నాన్నమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, తల్లి చెయ్యి చాస్తే వెనక్కి జరిగాడు. చంటిపిల్లను బరువు చూడడానికి మేము తూకం బల్ల మీద పడుకోబెట్టగానే, ఏమీ మాట్లాడకుండా వచ్చి ఖాళీ అయిన తల్లి ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు. బరువు రాసుకుని చంటిపిల్లను మళ్ళీ తల్లి చేతికి ఇవ్వబోతుంటే, ఎవరూ దిగమనకుండానే దిగిపోయి నాన్నమ్మ దగ్గరకు వెళ్ళాడు. వాడికి రక్తం తక్కువ లేదు, నులిపురుగుల మందు కూడా అంతకుముందే వేశారు. ఆకలి పుట్టే సిరప్ రాయమని అడిగారు, నేను రాయలేదు. రోజూ కొంతసేపు తల్లి వాడికే అన్నం కలిపి పెట్టాలనీ, ఆ సమయంలో చంటిపిల్లను వేరొకరు ఎత్తుకోవాలనీ చెప్పి పంపాను. కుదుటపడ్డాడు, కానీ నెలలు పట్టింది.

అందరికీ ఒకే మాట చెప్పలేను, మినహాయింపులు ఉన్నాయి. మీ అమ్మగారికి ఒంట్లో బాగుండక, పుట్టింట్లో మూడేళ్ళ పిల్ల వెనకాల తిరిగే మనిషి ఎవరూ లేకపోతే, మీరే అక్కడికి వెళ్ళడం గురించి మళ్ళీ ఆలోచించాలి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి నవజాత శిశువుల విభాగంలో వారాల తరబడి ఉండవలసి వస్తే, పెద్దపాప ఆ రోజుల్లో తండ్రి దగ్గరో తాతయ్యల దగ్గరో ఉండక తప్పదు. పెద్దపాపకు ఆ సమయానికే ఆటలమ్మ, తట్టు, కోరింత దగ్గు లాంటివి వస్తే, తగ్గేవరకు వేరుగా ఉంచి వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ సందర్భాల్లో కూడా విడిగా ఉండేది రోజులో, కొద్ది వారాలో కావాలి. ఒకటో తరగతి, రెండో తరగతి చదివే పిల్లలైతే బడి మానిపించడం కష్టం, కానీ ఆ వయసు పిల్లలకు కాలం లెక్క తెలుసు కాబట్టి తండ్రి దగ్గర ఉండి శని, ఆదివారాల్లో వచ్చిపోతూ ఉంటే సర్దుకుంటారు.

ఇంకొక దారి కూడా ఉంది, ఈ మధ్య చాలామంది ఎంచుకుంటున్నారు: అమ్మమ్మే హైదరాబాదు రావడం. మీ పాప గది, పక్క, బడి ఏవీ మారవు, మొదటి సిజేరియన్ చేసిన డాక్టరే చూస్తారు, తండ్రి రోజూ సాయంత్రం ఇంటికి వస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు తల్లిదండ్రులను రప్పించుకుని పురుళ్ళు పోసుకోవడం చూస్తూనే ఉన్నాం. అదే పని హైదరాబాదులో చేస్తే ఆనవాయితీ తప్పినట్టు ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు. మీ అమ్మగారికి వీలైతే ఒకసారి అడిగి చూడండి. వీలు కాకపోతే పాపతో సహా బయలుదేరండి, ప్రయాణం ఎన్నో వారంలోగా పూర్తి చేయాలో మీ డాక్టరును అడిగి, మొదటి కాన్పు డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకువెళ్ళండి. సిజేరియన్ ఎందుకు చేయవలసి వచ్చిందో ఆ కాగితాల్లో ఉంటుంది, ఈసారి ఎలా చేయాలో నిర్ణయించడానికి అక్కడి డాక్టరుకు అది అవసరం. మొదటి బిడ్డకు పసిరికలు ఎక్కువై నీలి దీపాల కింద పెట్టి ఉంటే అది కూడా చెప్పండి, రెండో బిడ్డకూ వచ్చే అవకాశం ఎక్కువ. మీది నెగటివ్ గ్రూపు రక్తమైతే, బిడ్డది పాజిటివ్ అని తేలిన పక్షంలో తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా కాపాడే యాంటీ-డి ఇంజెక్షన్ కాన్పు అయిన 72 గంటల లోపు మీకు పడాలని గుర్తుంచుకోండి.

ఇక జలుబుల భయం. ఇది ఉత్త భయం కాదు. మొదటి బిడ్డ ఇంట్లో ఒక్కతే పెరుగుతుంది కాబట్టి మొదటి రెండు నెలలు జలుబు చేయకుండా గడిచిపోవచ్చు, రెండో బిడ్డకు ఆ అదృష్టం తక్కువ. పసిపిల్లలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు కాబట్టి ముక్కు దిబ్బడ వేస్తే పాలు తాగలేరు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది కోరింత దగ్గు, ఎందుకంటే పసిబిడ్డకు దాని టీకా మొదటి డోసు పడేది ఆరో వారంలోనే, రోగం ముదిరేది మాత్రం రెండు మూడు నెలల లోపు పిల్లల్లోనే. ఇంట్లో ఎవరికైనా విడవని దగ్గు ఉంటే, అది పెద్దవాళ్ళదైనా పిల్లలదైనా, బిడ్డకు చేరడానికి ఎక్కువ సేపు పట్టదు. అందుకే ఈ వారమే రెండు పనులు చేయండి. ఒకటి, పెద్దపాప టీకా కార్డు తీసి చూడండి: పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేయవలసిన డిపిటి (కోరింత దగ్గు కూడా ఇందులోదే) బూస్టరు, మీజిల్స్-రుబెల్లా రెండో డోసు పడ్డాయో లేదో చూసి, పడకపోతే వెంటనే వేయించండి. రెండు, గర్భిణులకు 27 నుంచి 36 వారాల మధ్య వేసే, కోరింత దగ్గు నుంచి కూడా కాపాడే టీడాప్ టీకా గురించి మీ డాక్టరును అడగండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో వేసే టీడీ టీకాలో ధనుర్వాతం, కంఠసర్పి నుంచి రక్షణ ఉంటుంది కానీ కోరింత దగ్గు నుంచి ఉండదు. టీడాప్ వేసుకుంటే తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకు చేరి, తన టీకాలు పడేవరకు కొంత కాపు కాస్తుంది.

బిడ్డ పుట్టాక పాపకు రెండే నియమాలు నేర్పండి. బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం, ముద్దు పెట్టాలనిపిస్తే పాదాలకే పెట్టడం. "ముట్టుకోకు, దూరం జరుగు" అని రోజంతా అరుస్తుంటే పాప చాటుగా ముట్టుకుంటుంది, అది ఇంకా ప్రమాదం. ఈ నియమాలు చూడడానికి వచ్చే చుట్టాలకూ వర్తిస్తాయి. నేను చూసినంతవరకు, పురుడు చూడవచ్చిన పెద్దవాళ్ళు పంచిపెట్టే జలుబులు అక్కలూ అన్నలూ పంచేవాటికంటే తక్కువేమీ కాదు.

కాన్పుకు ముందు పాపకు ఏం చెప్పాలన్నది మీరు అడగలేదు కానీ, చెప్పవలసిన విషయం. "నీతో ఆడుకోవడానికి తమ్ముడు వస్తున్నాడు" అని మాత్రం చెప్పవద్దు. పుట్టేది ఎవరో మనకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. పైగా మొదట ఆడపిల్ల ఉన్న ఇంట్లో "ఈసారైనా అబ్బాయి" అన్న మాట పాప చెవిన పడుతూనే ఉంటుంది. తాను సరిపోలేదు కాబట్టి ఇంకొకరిని తెస్తున్నారని మూడేళ్ళకే అర్థమవుతుంది, ఆ మాట ఎవరు అన్నా అక్కడే ఆపించండి. ఆడుకోవడానికి అనడమూ నిజం కాదు, పుట్టిన బిడ్డ నెలల తరబడి పాలు తాగి, ఏడ్చి, పడుకుంటుంది, అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాప తాను పసిబిడ్డగా ఉన్నప్పటి ఫోటోలు, వీడియోలు చూపించి, "నువ్వూ ఇలాగే ఏడ్చేదానివి, నీకూ ఇలాగే ఒళ్ళో వేసుకుని పాలిచ్చేదాన్ని" అని చెబితే పిల్లలు మళ్ళీ మళ్ళీ చూపించమంటారు.

అన్నిటికంటే ముందు మీ బంధువుల చేత ఒక హాస్యం మానిపించండి. "ఇక నీ పని అయిపోయిందే, అమ్మ నిన్ను చూడదు", "చంటిదాన్ని మేము పట్టుకెళ్ళిపోతాం, ఇచ్చేస్తావా" అని పెద్ద పిల్లలను ఏడిపించి నవ్వుకోవడం మన ఇళ్ళల్లో మామూలు. పెద్దలకు అది సరదా, పాపకు అది వార్త. మీరు బాలింతగా మంచం మీద ఉండి వచ్చినవాళ్ళందరికీ చెప్పలేరు కాబట్టి, ఈ పని మీ అమ్మగారికి ముందే అప్పగించండి.

మార్పులు ఏవైనా చేయవలసి ఉంటే కాన్పుకు నెల ముందే మొదలుపెట్టండి, లేదా బిడ్డకు మూడు నాలుగు నెలలు నిండేవరకు ఆపేయండి. పాపను రాత్రిళ్ళు అమ్మమ్మ పక్కన పడుకోబెట్టడం, తాతయ్య చేత స్నానం చేయించడం, అన్నం తినిపించడం ముందే అలవాటైతే, మీరు ఆస్పత్రికి వెళ్ళిన రాత్రి పాపకు అంత కొత్తగా ఉండదు, చెల్లి వచ్చి తన చోటు లాక్కుందని కూడా అనిపించదు. ఇంకా డైపర్ వాడుతుంటే మానిపించే ప్రయత్నం ఇప్పుడు పెట్టుకోవద్దు.

ఆస్పత్రిలో పాప మొదటిసారి వచ్చే వేళకు బిడ్డ ఉయ్యాల తొట్టెలో ఉండాలి, మీ చేతులు ఖాళీగా ఉండాలి. వీలైతే చుట్టాల గుంపు రాకముందే రప్పించండి. ముందు పాపనే దగ్గరకు తీసుకుని, అన్నం తిన్నావా, రాత్రి ఎక్కడ పడుకున్నావు అని అడిగి, బిడ్డను చూడాలని తానే అడిగినప్పుడు చూపించండి. కుట్ల మీద బరువు పడకుండా మంచం పక్కన కూర్చోబెట్టుకోండి. ఆపరేషన్ అయిన ఆరు వారాల వరకు బిడ్డ బరువుకు మించినది ఎత్తవద్దంటారు, మూడేళ్ళ పిల్ల అంతకు నాలుగింతలు ఉంటుంది. "ఎత్తుకోలేను" అనడానికి బదులు "ఇలా వచ్చి పక్కన కూర్చో" అని పిలవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. చెల్లి నీకోసం బొమ్మ తెచ్చింది అని చెప్పే ముచ్చట ఈ మధ్య ఎక్కువైంది, దానివల్ల నష్టం లేదు కానీ పెద్ద లాభం కూడా నాకు కనిపించలేదు.

ఇప్పుడు అసలైన భాగానికి, మొదటి ఆరు వారాలకు వస్తాను. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది, అంటే పగలూ రాత్రీ కలిపి రెండు మూడు గంటలకొకసారి మీరు కూర్చోవలసిందే. రెండోసారి కాబట్టి పాలు పడడం కొంచెం తొందరగానే జరుగుతుంది, పట్టించడం మీకు తెలిసిన విద్యే. అయితే పాలిస్తున్నప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి రెండో కాన్పులో ఎక్కువ, మొదటిసారి లేదే అని కంగారు పడవద్దు. గర్భసంచి ముడుచుకోవడం వల్ల వచ్చేదే అది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. బిడ్డ బరువు మొదటి రోజుల్లో ఏడు నుంచి పది శాతం వరకు తగ్గి రెండు వారాల లోపు మళ్ళీ అందుకుంటుంది. అయిదారు రోజుల నుంచి రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

పెద్దపాప అల్లరంతా సరిగ్గా మీరు పాలకు కూర్చున్నప్పుడే మొదలవుతుంది. మీరు లేవలేరని దానికి తెలుసు. దీనికి నేను చాలామంది తల్లులకు చెప్పే ఉపాయం: పాలిచ్చే వేళల్లో మాత్రమే బయటికి తీసే ఒక పెట్టె పెట్టండి. అందులో ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. పాత పెళ్ళిపత్రికలు, రంగు పెన్సిళ్ళు, స్టిక్కర్లు, బొమ్మల పుస్తకం, ఖాళీ మసాలా డబ్బాలు చాలు. పాలు అవగానే మూతపెట్టి బీరువాలో పెట్టాలి, లేకపోతే మూడో రోజుకు పాత సామాను అయిపోతుంది. పూసలు, గోలీలు, చిల్లర డబ్బులు, వేరుశనగ గుళ్ళు అందులో ఉండకూడదు, అవి పెద్దపాప గొంతుకూ ప్రమాదమే, చిన్నదాని నోట్లో పెడితే చెప్పనక్కరలేదు. తాను తినే జంతికను ప్రేమతో చెల్లికి పెట్టబోయిన అక్కలను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను.

సాయంత్రాలు ఇంకా కష్టం. పసిబిడ్డ ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారానికి పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది, అందులోనూ సాయంత్రం వేళ ఎక్కువ. కొందరు పిల్లలు ఆ వేళల్లో గంటల తరబడి రొమ్ము వదలరు. పాలు చాలడం లేదని పొరపాటుపడి డబ్బా పాలు మొదలుపెట్టేది ఎక్కువమంది అప్పుడే. పెద్దపాప కూడా పొద్దంతా ఆడి, అలసి, గారాలు పోయేది ఆ వేళలోనే. అందుకని ఐదింటి నుంచి ఏడింటి వరకు పాపను బయటికి తీసుకువెళ్ళే బాధ్యత తాతయ్యదో మేనమామదో అని ముందే ఖాయం చేయండి, గుడికో, చెరువు గట్టుకో, పక్కింటి పిల్లల దగ్గరకో, ఎక్కడికైనా సరే. ఇది సాయం కాదు, వంట ఎవరు చేయాలన్నంత ఖాయంగా ఉండవలసిన పని.

దీనికి తోడు రోజుకు ఒక్కసారి, పదిహేను ఇరవై నిమిషాలు, చిన్నది వేరొకరి చేతుల్లో ఉండగా మీరు పెద్దదానితోనే ఉండాలి. తల దువ్వి జడ వేయడమో, అన్నం ముద్దలు పెట్టడమో, ఏదైనా ఒకటి రోజూ ఒకే వేళకు. ఆ సమయంలో ఫోను మోగినా ఎత్తవద్దు. బిడ్డ ఏడ్చినా, ఒక నిమిషం ఆగితే ఏమీ కాదనిపించినప్పుడు, పాప వినేలా "కాస్త ఆగు చిన్నమ్మా, అక్కకు జడ వేస్తున్నాను" అని చెప్పండి. రోజంతా "ఆగు" అన్న మాట తానే వింటున్న పిల్లకు, ఆ మాట ఒకసారి చెల్లికీ పడడం ఎంత సంతోషమో ముఖంలోనే కనిపిస్తుంది.

పాప కొన్నాళ్ళు వెనక్కి నడుస్తుంది, సిద్ధంగా ఉండండి. పక్క తడపడం, వేలు చీకడం, ముద్దుముద్దుగా మాట్లాడడం, నన్నూ ఉయ్యాలలో వేయమనడం, ఎప్పుడో మానేసిన పాలు మళ్ళీ అడగడం, ఇవన్నీ మామూలే. పాలు అడిగితే కోప్పడవద్దు. చాలామంది పిల్లలు ఒకసారి నోరు పెట్టి, ఎలా తాగాలో మరిచిపోయి, నవ్వేసి వెళ్ళిపోతారు. ఇంకా మానని పిల్లయితే ఇద్దరికీ ఇవ్వవచ్చు, ముందు చిన్నదానికి ఇచ్చాక. తల్లులు గమనించనిది ఒకటి ఉంది: కొందరు పిల్లలు దొడ్డికి బిగబట్టడం మొదలుపెడతారు. కడుపునొప్పి అని తీసుకువస్తారు, పొట్ట నొక్కి చూస్తే గట్టిగా తగులుతుంది, ఎప్పటినుంచి అని అడిగితే చిన్నది పుట్టినప్పటినుంచే అని లెక్క తేలుతుంది. నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు పెంచి, రోజూ భోజనం అయ్యాక కాసేపు తొందరపెట్టకుండా కూర్చోబెట్టండి. వారంలో మార్పు లేకపోతే డాక్టరుకు చూపించండి, బిగబట్టే అలవాటు ముదిరితే నెలలు పడుతుంది.

కొట్టడం, గిల్లడం జరిగితే చెయ్యి పట్టుకుని ఆపి, "కొట్టనివ్వను, చెల్లికి నొప్పి పుడుతుంది, నీకు కోపం వచ్చింది కదా, నా దగ్గరకు రా" అంటే చాలు. అందరి ముందూ తిట్టడం, "పెద్దదానివి, సిగ్గు లేదూ" అనడం వద్దు. ఇది ఎంత చేసినా, ఇద్దరినీ ఒంటరిగా ఒక గదిలో ఒక్క నిమిషం కూడా వదలవద్దు. ఇందులో పాప మంచితనం మీద అనుమానం ఏమీ లేదు. బిడ్డ ఏడుస్తోందని ఎత్తుకోబోయి జారవిడిచేది, చలేస్తోందని ముఖం మీద దుప్పటి కప్పేది ప్రేమ ఉన్న పిల్లలే. చీర ఉయ్యాల కట్టే ఇళ్ళల్లో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి, పెద్ద పిల్లలు దాన్ని విసురుగా ఊపుతారు, ఎక్కి కూర్చుంటారు, మెడకు చుట్టుకుంటారు. నా మాట వింటే రాత్రి నిద్రకు బిడ్డను గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా, మీ పక్కనే వేరే పక్క మీద పడుకోబెట్టండి, పెద్దపాప మీకు రెండో వైపు ఉండాలి, బిడ్డ పక్కన కాదు.

పుట్టింట్లో పెద్దవాళ్ళ చిట్కాల గురించి మొదటి కాన్పులోనే మీరు విని ఉంటారు కాబట్టి ఎక్కువ చెప్పను. మెల్లగా నూనె రాయడం, స్నానం, దిష్టి చుక్క నుదుటనో అరికాలికో పెట్టడం వరకు ఫరవాలేదు. ముక్కులో, చెవిలో నూనె, కళ్ళకు కాటుక, తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, బొడ్డు మీద పొడులు, పాలు పిండడమని బిడ్డ రొమ్ములు నొక్కడం, ముఖానికి దగ్గరగా సాంబ్రాణి పొగ, ఇవేవీ వద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కరలేదు. మీ పథ్యం విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, కారప్పొడి అన్నంతో అవి రావు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అన్నీ తినవచ్చు, దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగాలి, ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు ఆపకూడదు.

మీ మనసు సంగతి. రెండో బిడ్డ పుట్టిన వారంలో పెద్ద బిడ్డ నిద్రపోతున్న ముఖం చూసి ఏడవని తల్లిని నేను అరుదుగా చూశాను, "దానికి అన్యాయం చేశానా" అని అడుగుతారు. మొదటి పది పదిహేను రోజుల్లో ఊరికే కన్నీళ్ళు రావడం, చిరాకు మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, బిడ్డ నిద్రపోతున్నప్పుడు కూడా మీకు నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూడాలనిపించకపోయినా, మీకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, బాలింతతనంలే అని ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుతో చెప్పండి. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకొక మాట, దీన్ని చాలామంది ముందుగా ఊహించరు. పుట్టింట్లో నలుగురు ఉంటారు, గడిచిపోతుంది. అసలు కష్టం మూడో నెలలోనో ఐదో నెలలోనో హైదరాబాదు తిరిగి వెళ్ళాక మొదలవుతుంది, వంట, బడి, ఇద్దరు పిల్లలు, రాత్రి నిద్రలేమి అన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకని మీవారిని సెలవంతా కాన్పు వారంలోనే వాడుకోనివ్వవద్దు. ఆ వారం పుట్టింట్లో అల్లుడికి చేయడానికి పెద్ద పనేమీ ఉండదు కూడా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజుల పితృత్వ సెలవును బిడ్డ పుట్టిన ఆరు నెలల లోపు వాడుకోవచ్చు, ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీ నిబంధన అడిగి తెలుసుకోవాలి. మీరు ఉద్యోగం చేస్తుంటే ప్రసూతి సెలవు రెండో బిడ్డకు కూడా 26 వారాలు ఉంటుంది, అందులో కాన్పుకు ముందు ఎన్ని వారాలు తీసుకుంటే తర్వాత అన్ని తగ్గుతాయి. తండ్రి రోజూ వీడియో కాల్ చేసేటప్పుడు ముందు పెద్దపాపతో మాట్లాడి, తర్వాతే చిన్నదాన్ని చూపించమనాలి.

ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళవలసిన లక్షణాలు ఇవి, మీ అమ్మగారికి కూడా చెప్పి ఉంచండి: బిడ్డ పాలు తాగడం మానేయడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, ఒళ్ళు చల్లబడడం, నిమిషానికి అరవై దాటి ఊపిరి, డొక్కలు ఎగరేయడం, మొదటి రోజే పచ్చబడడం లేదా అరచేతులు, అరికాళ్ళ వరకు పసుపు రావడం, ఫిట్స్, బొడ్డు చుట్టూ ఎర్రబడడం. పసిరికలకు ఎండలో పెడితే సరిపోతుందన్న మాట నమ్మి రోజులు గడపవద్దు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే, "అక్కకు జలుబు, అదే అంటింది" అని సరిపెట్టుకుని ఇంట్లో సిరప్ వేయకండి.

చివరగా ప్లేస్కూలు. మూడేళ్ళ వయసులో నాలుగైదు నెలలు మానితే చదువులో పోయేది ఏమీ లేదు. కాన్పు ముందు నెల, తర్వాత ఆరు వారాలు మానడమే జలుబుల దృష్ట్యా మేలు కూడా. ఫీజు వెనక్కి ఇవ్వరని మీ మామగారు అన్నారని రాశారు. సీటు ఉంచమని ఒక ఉత్తరం రాసి ఇచ్చి, ఏ నెలలో మళ్ళీ చేర్చుకుంటారో రాతపూర్వకంగా తీసుకోండి. తిరిగి వెళ్ళాక మాత్రం మర్నాడే బడికి పంపకండి, అందరూ ఇంట్లో ఉంటే తననొక్కదాన్నే పంపేశారని అనుకుంటుంది. రెండు మూడు వారాలు ఇంట్లో కుదురుకోనిచ్చి, మొదట్లో సగం పూటకు పంపి, దింపడానికి వీలైతే మీరే వెళ్ళండి.